కుడికా, ఎడమకా, డౌటుకా

హోసూరు పక్కన బేరిగై బడిలో నాకు ఒంటబట్టిన మొదటి ఇంగ్లీషు మాట ఆపిల్ కాదు, డౌటు. ఆపిల్‌ను పుస్తకంలో బొమ్మగా చూసినానే కానీ కొరికి ఎరగను. డౌటు అట్ల కాదు, రోజూ తగిలేది. పాఠం ముగించి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటా మా ఇంగ్లీషు అయ్యవారు "ఎనీ డౌట్?" అనేవారు. తరగతి మొత్తం ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయేది. ఉంది అని లేస్తే ఇంతసేపూ యాడ చూస్తా ఉన్నావని తిడతారు. లేదు అని తలూపితే, అయితే నువ్వు చెప్పు అని లేపుతారు. ఉందనీ కాదు, లేదనీ కాదు అన్నట్టు మొహం పెట్టుకుని కూర్చునే విద్యలో నేను తరగతికే మొదటివాణ్ణి. మిగతా విద్యల్లో నా స్థానం గురించి ఇక్కడ చెప్పుకోవడం అనవసరం.

ఆ మాటే నాకు తర్వాత కూడు పెట్టింది. ఆ మాటే ఒకసారి నా పెండ్లిని మూడు వారాలు గాలిలో వేలాడదీసింది. ఒకమ్మాయి నాకు కావాలి. ఇస్తారా ఇవ్వరా అని అడిగితే ఆమె ఇంటి నుంచి వచ్చిన జవాబు ఒకటే మాట: డౌటు. నేను చెప్పబోయేది ఆ మూడు వారాల సంగతి.

అంతకు ముందు ఆ మాట సంగతి రవ్వంత చెప్పాలి. డౌటుకు తెలుగు ఏమని నిఘంటువు తీసి చూసినాను ఒకసారి. సందేహం, సంశయం, అనుమానం అని మూడు ఉన్నాయి. మూడూ మా ఊరికి సరిపడలేదు. సందేహంలో దేహం ఉంది కాబట్టి అది బరువు, హరికథ చెప్పేవాళ్ళే మోయాలి. సంశయంలో సగం శయనమే, వింటేనే నిద్ర వస్తుంది. అనుమానంలో మానం ఉంది, ఆ మాట వాడితే ఎవరిదో ఒకరిది పోతుంది. డౌటులో మాత్రం ఔటు ఉంది. యాడ ఇరుక్కున్నా దాంట్లో నుంచి బయటపడొచ్చు. అందుకే మా వైపు జనం నిఘంటువును అటక మీద పెట్టి, డౌటును చంకన ఎత్తుకున్నారు.

పైగా మాది మూడు భాషల మూల. హోసూరు బస్టాండులో నిలబడితే ఒక చెవిలో తెలుగు పడుతుంది, ఒక చెవిలో అరవం పడుతుంది, ఏ చెవిలో దూరాలో తెలియక కన్నడం ముక్కు ముందర తిరుగుతా ఉంటుంది. మూడు భాషలవాళ్ళూ నీళ్ళకు మూడు పేర్లు పెట్టుకున్నారు, నిప్పుకు మూడు పేర్లు పెట్టుకున్నారు, డౌటుకు మాత్రం ఒకే పేరు. మా మధ్య ఏ తగవూ లేకుండా పంచుకున్న ఆస్తి అదొక్కటే.

కానీ ఆ ఆస్తిని వాడుకునే తీరు తెలియాలి. డెంకణికోట బస్సు పోతాదా అని అడిగితే, "ఏనుగులు దిగినాయంట, డౌటే" అంటాడు కండక్టరు. పోదని అర్థం. పలానా వాళ్ళ పిల్లోడు టెన్తు పాసవుతాడా అంటే, "డౌటే" అంటారు. ఫెయిలైనాడని అర్థం, రిజల్టు రానక్కర్లేదు. "నాకొక డౌటు" అన్నాడంటే వాడికి జవాబు ముందే తెలుసు, నీకు తెలుసా అని చూస్తా ఉండాడు. "డౌటే లేదు" అని ఎవరైనా బల్ల గుద్దినారంటే, అప్పుడు మనం కొంచెం డౌటు పడాలి. ఇంక పెద్దవాళ్ళు, అందులోనూ పిల్లనిచ్చే ఇంటివాళ్ళు, "డౌటుగా ఉండాదప్పా" అన్నారంటే, అది 'వద్దు' అనే మాట ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చిందని అర్థం. మా వైపు మొహం మీద వద్దు అనరు. ఆవులు బాగుండాయా అంటారు.

కృష్ణగిరిలో డిప్లొమా ముగించి, తొంభైల చివర్లో హోసూరులో బండ్లకు చిన్న చిన్న భాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో చేరినాను. క్వాలిటీ సెక్షను. మిషను మీద నుంచి దిగిన సామాన్లను కొలిచి, మంచివి పచ్చ ట్రేలో, పనికిరానివి ఎర్ర ట్రేలో వేయడం నా పని. రెండింటికీ నడుమ ఒక పసుపు ట్రే ఉండేది. దాని మీద పెయింటుతో 'డౌట్‌ఫుల్' అని రాసినారు. అటా ఇటా తేలని సామాన్లు అందులో వేస్తే తర్వాత పెద్దవాళ్ళు చూస్తారు. ఆ అక్షరాలు చూసిన దినం నాకు ఊరుగాని ఊరులో మేనత్త ఇల్లు కనబడినట్టయింది.

చేరిన మొదటి వారంలోనే ఆ ట్రే మూడుసార్లు నిండి పొర్లింది. మా సూపర్‌వైజరు ధర్మపురి వైపు అరవాయన, తెలుగు మాకంటే ముద్దుగా మాట్లాడేవాడు. ఆయన నా బల్ల ముందర వచ్చి నిలబడి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమప్పా, పచ్చ ట్రే ఖాళీ, ఎర్ర ట్రే ఖాళీ, పసుపులో జాతర జరుగుతా ఉండాదే?"

"డౌటుగా ఉండాది సార్."

"సామాను మీదనా, నీ మీదనా?"

ఆ ప్రశ్నను కూడా నేను పసుపు ట్రేలోనే వేసినాను.

ఇట్ల ఉండగా ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టినారు. రాయకోట దగ్గర ఒక ఊరు. వ్యవసాయం ఇల్లు, టమాటా తోట. అమ్మాయి రాయకోటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. నాయన, అమ్మ, నేను ఒక శనివారం పోయినాము. నడవలో టమాటా క్రేట్లు గోడకు జరిపి మాకు కుర్చీలు వేసినారు. వాళ్ళ నాయన పంచె సర్దుకుంటా, మిక్చరు ప్లేటు చేతిలో పట్టుకుని, మాకు ఇవ్వాలనే సంగతి మరిచిపోయి మాట్లాడతా ఉన్నాడు. పెద్ద మనిషి, మెత్తని మనిషి. అమ్మాయి స్పెషల్ క్లాసు ముగించుకుని నేరుగా వచ్చింది. చేతికి సుద్దపొడి. సంచి కింద పెట్టి, ఎదురుగా కూర్చుని, హాజరు పిలిచినంత మామూలుగా నన్నే అడిగింది.

"ఏం పని చేస్తారు?"

"క్వాలిటీలో ఉండాను."

"అంటే?"

"మంచిదేదో చెడ్డదేదో చూసి వేరు చేసేది."

"ఎట్ల తెలుస్తాది?"

"కొలిచే గేజి ఉంటాది. దూరితే ఒక లెక్క, దూరకపోతే ఒక లెక్క."

"దూరీ దూరకుండా ఉంటే?"

"డౌటులో పెడతాను."

"దినానికి ఎన్ని పెడతారు?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ లెక్కల టీచరు. "దాదాపు అన్నీ" అన్నాను.

ఆమె నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, తల దించుకోలేదు, ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు వాళ్ళ నాయన ఉలిక్కిపడి, చేతిలో ప్లేటు కదిలి, బూందీ గింజ ఒకటి దొర్లుకుంటా వచ్చి నా కాలి బొటనవేలి దగ్గర ఆగింది. నేను ఎన్నో సామాన్లు కొలిచినాను. ఆ గింజంత గుండ్రమైనది ఒకటీ చూడలేదు. నా పని అయిపోయిందని అప్పుడే తెలిసిపోయింది. బతుకులో మొదటిసారి ఒక విషయంలో నాకు డౌటు రాలేదు. రాకపోయేసరికి భయం వేసింది.

తిరుగు బస్సు ఉద్దనపల్లి దాటినాక నాయన, "ఎట్లుండాది రా?" అని అడిగినాడు. నేను కిటికీలో నుంచి బయటికి చూసి, "టమాటాలు బాగుండాయి" అన్నాను. అలవాటు.

మా వైపు మనుషులు సరే అనుకుంటే చాలదు, పువ్వు అడగాలి. అమ్మవారి రెండు భుజాల మీదా పూజారి తడిపూలు అంటిస్తాడు. పెద్దవాళ్ళు చేతులు కట్టుకుని మనసులో అడుగుతారు. కుడిపక్క పువ్వు రాలితే సరే. ఎడమపక్కది రాలితే వద్దు. పువ్వు పడినాక ఇంకొక కట్టుబాటు ఉంది: గుడిలో ఎవరూ దాని గురించి నోరెత్తకూడదు. తీర్థం తీసుకుని, ఎవరింటికి వాళ్ళు పోయి, కాళ్ళు కడుక్కున్నాకనే మాట. అమ్మవారు చెప్పినదాని మీద ఆమె ముందరే మనం వ్యాఖ్యానం చేయకూడదని పెద్దలు పెట్టినారు. మంచి కట్టుబాటే. దాని వల్లనే నా కొంప మునిగే దాకా వచ్చింది.

రెండు ఊళ్ళకూ నడుమ ఉండే గుడి. శుక్రవారం పొద్దున. వాళ్ళ వైపు నుంచి అమ్మాయి నాయన వచ్చినాడు, మా వైపు నుంచి మేము ముగ్గురం. అమ్మాయికి బడి. పూజారి భుజానికొక చేమంతి అంటించి, గంట కొట్టి, పక్కకు జరిగినాడు. మేము చూస్తా నిలబడినాము. పువ్వులు మాకంటే గట్టిగా నిలబడినాయి. ఒక ఈగ వచ్చి అమ్మవారి కుడిభుజం పువ్వు మీద వాలింది. ఒక ఈగను అంత ప్రేమగా నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అది ఎగిరిపోయింది. పువ్వు వణికింది. జారింది. పడింది.

నా నోట్లో నుంచి ఏదో కూత బయటికి రాబోతే అమ్మ నా మోచేయి గిల్లింది. అమ్మాయి నాయన కండ్లు మూసుకుని, దండం పెట్టుకుని, కండ్లు తుడుచుకున్నాడు. ఆనందమనుకున్నాను. ఎవరమూ మాట్లాడలేదు. ఆయన రాయకోట బస్సు ఎక్కినాడు, మేము మా బస్సు ఎక్కినాము.

ఇంటికి పోయి, ఎప్పుడూ రెండు చెంబుల నీళ్ళు పోసుకునే నాయన అర చెంబుతో కాళ్ళు కడిగేసి, "అయిపోయిందిరా! కుడే!" అని వాకిట్లోనే అరిచినాడు. ఎదురింటివాళ్ళు బయటికి వచ్చినారు. అమ్మ ఆ పూటే చీరల పెట్టె దించింది. నేను ఆ వారం హోసూరు రోడ్ల మీద నడిచినట్టు నాకు గుర్తు లేదు. తేలినాను. లారీలు హారన్ కొడితే నాకే శుభాకాంక్షలు చెబుతా ఉండాయనుకున్నాను. ఫ్యాక్టరీలో నా చేతిలో నుంచి పోయిన సామానంతా పచ్చ ట్రేకే పోయింది. దేన్ని చూసినా గుండ్రంగా, నున్నగా, బూందీ మాదిరి కనబడింది. సూపర్‌వైజరు బెదిరిపోయి అన్నీ మళ్ళీ కొలిపించినాడు. "నువ్వు డౌటు పడతా ఉన్నప్పుడే నాకు నిమ్మలంగా ఉండేదప్పా" అన్నాడు.

పువ్వు పడినాక మాట పంపాల్సింది పిల్ల ఇంటివాళ్ళు. వారమయింది. పది దినాలయింది. మాట రాలేదు. వాళ్ళింట్లో ఫోను లేదు, ఎదురుగా ఎరువుల అంగడిలో ఉంది. నాయన హోసూరు వచ్చి, ఎస్టీడీ బూతులో నిలబడి, నా చేత నంబరు నొక్కించినాడు. అంగడాయన పోయి పిలుచుకొచ్చేదాకా మీటరు తిరుగుతా ఉంది, నా గుండె దానికంటే బిరబిరా తిరుగుతా ఉంది. నేను ఫోనుకు రెండోపక్క చెవి ఆనించినాను.

"ఏమన్నా, బాగుండారా? మన మాట గురించి..."

అవతల నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది.

"ఏం చెప్పేదప్పా. డౌటుగా ఉండాది. చూస్తాము."

"దేంట్లో అన్నా డౌటు?"

"చూస్తామప్పా. ఆవులు బాగుండాయా?"

ఆవుల దగ్గరికి వచ్చినారంటే ఇంక మనుషుల సంగతి ముగిసినట్టే. నాయన మాత్రం ఫోను పెట్టేసి, తేలిగ్గా చెమట తుడుచుకున్నాడు.

"డౌటంటరా. మండపం దొరికేదేమో డౌటు."

"నాయనా, డౌటంటే..."

"డౌటంటే డౌటే. వద్దనలేదు కదా? అమ్మవారే సరే అన్నాక వద్దనేదానికి వాళ్ళెవరు?"

తర్వాతి వారమంతా మా నాయన ఆ డౌటుకు కొత్త కొత్త అర్థాలు కనిపెట్టినాడు. మంచి నెల దొరకడం డౌటు. వంటాయన దొరకడం డౌటు. టమాటా కోతలు ముగియడం డౌటు. అమ్మ వింటా చీరలు మళ్ళీ మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. నాకు ఒకటే అర్థం తెలుసు, అది చెప్పే ధైర్యం లేదు. కానీ నాకొకటి అర్థం కాలేదు. పువ్వు కుడికి పడింది, నా కండ్లతో చూసినాను. అమ్మవారు సరే అన్నాక, అంత మెత్తని మనిషి, గుడిలో కండ్లు తుడుచుకున్న మనిషి, ఎందుకు వెనక్కి పోతా ఉన్నాడు?

మూడో వారానికి నా పసుపు ట్రే మళ్ళీ పొర్లింది. సూపర్‌వైజరు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పప్పా. ఈ జాతర ఎవరిది?"

చెప్పినాను. పువ్వు, ఈగ, ఫోను, ఆవులు, అన్నీ. ఆయన జాలిపడలేదు. జేబులో నుంచి పెన్సిలు తీసి, "ఏ పక్క నుంచి చూసినారు?" అన్నాడు.

"అంటే సార్?"

"కుడి అంటా ఉండావు. ఎవరి కుడి?"

మా పనిలో ఒక సామాను బొమ్మను రెండు పద్ధతుల్లో గీస్తారు. ఒక పద్ధతిలో కుడిపక్కన వచ్చే బొమ్మ, ఇంకొక పద్ధతిలో ఎడమపక్కకు పోతుంది. ఏ పద్ధతిలో గీసినారో చెప్పే చిన్న గుర్తు కాగితం మూలలో ఉంటుంది. ఆ గుర్తు చూడకుండా సామాను చేసినారంటే అద్దంలో నీడ మాదిరి తయారవుతుంది. కొలతలన్నీ సరిగ్గా ఉంటాయి, ఏ బండికీ పట్టదు. ఇది డిప్లొమాలో మొదటి సంవత్సరం పాఠం.

"అమ్మవారి కుడి సార్. ఇంకెవరిది?"

"వాళ్ళకూ అట్లనేనా?"

"అట్లనే ఉంటాది కదా సార్."

"అడిగినావా?"

"లేదు సార్."

"దినమంతా బోల్టుల మీద డౌటు పడతావు. పడాల్సిన దాని మీద పడలేదా నువ్వు?"

డౌటు పడలేదని ఆయన నన్ను తిట్టింది ఆ ఒక్కసారే. ఆయనే లీవు కాగితం ముందుకు తోసినాడు.

రాయకోట బస్సులో కూర్చునే చోటు దొరికినా కూర్చోలేక నిలబడినాను. కుడిచెయ్యి పైకెత్తి చూసుకుంటాను, ఎదురుగా అమ్మవారు ఉన్నట్టు ఊహించుకుంటాను, చెయ్యి దించుతాను, మళ్ళీ ఎత్తుతాను. ఎదురు సీట్లో అవ్వ చాలాసేపు చూసి, "ఏమప్పా, చెయ్యి ఉలికిందా, నొప్పా?" అనింది. "లేదవ్వా, ఎవరిదో చూస్తా ఉండాను" అన్నాను. ఆమె సంచి దగ్గరికి లాక్కునింది.

బడిలో ఆమె ఆరో తరగతికి పాఠం చెబుతా ఉంది. కిటికీలో నుంచి నన్ను చూసి, పిల్లలకు ఒక లెక్క ఇచ్చి, సుద్దముక్క చేతిలోనే పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"మీరు ఈడ?"

"నాకొక డౌటు."

"తెచ్చినారా మళ్ళా? చెప్పండి."

"మీ ఇంట్లో పువ్వు అడిగితే, కుడి అంటే ఎవరి కుడి?"

"మనదే. ఎదురుగా నిలబడి అడిగేవాళ్ళది. ఇంకెవరిది?"

"దేవుడిది కాదా?"

"మా ఇంటి దేవుడికి మొహం యాడుండాది? ఉట్టి రాయి. తన ముందేదో ఎనకేదో ఆయనకే తెలీదు. అందుకే మా తాతల కాలం నుంచి అడిగేవాళ్ళ కుడే కుడి."

"మేము అడిగే అమ్మవారికి కండ్లుండాయి, చేతులుండాయి, ముక్కుపుడక కూడా ఉండాది. అందుకని మాకు ఆమె కుడే కుడి."

ఆమె సుద్దముక్క ఉన్న కుడిచెయ్యి ఎత్తింది. నా వైపు చూసింది. నేను ఎదురుగా నా కుడిచెయ్యి ఎత్తినాను. రెండు చేతులూ రెండు పక్కల ఉన్నాయి. ఆమెకు నవ్వు మెల్లగా మొదలై, ఆపుకోలేనంత అయింది.

"అయ్యో రామా. అంటే మూడు వారాలుగా మీ ఇంట్లో పెండ్లి జరుగుతా ఉండాదా?"

"చీరలు కూడా దించినారు. మీ ఇంట్లో?"

"మా ఇంట్లో మా నాయన అన్నం సరిగా తినలేదు. 'మంచోళ్ళు, అమ్మవారు వద్దనిందని వాళ్ళకూ తెలుసు, అయినా ఫోను చేసి అడగతా ఉండారే, పాపం, మొహాన ఎట్ల చెప్పేది' అని ఒకటే బాధ. అందుకే డౌటు డౌటని నెట్టుకొస్తా ఉండాడు."

నేను కూడా నవ్వినాను. నవ్వుతా ఉంటే వరండా స్తంభం పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె ఉన్నట్టుండి ఆపి, టీచరు మొహం పెట్టింది.

"సరే. పువ్వు లెక్క తేలింది. మీ లెక్క తేలలేదు. మీ ఇంట్లో మిమ్మల్ని అడిగినారా, ఎట్లుండాదని?"

"అడిగినారు."

"ఏం చెప్పినారు?"

"టమాటాలు బాగుండాయి అన్నాను."

"నా గురించి అడిగితేనా?"

"అవును."

"ఇప్పుడు నేను అడగతా ఉండాను."

పారిపోయేదానికి గేటు దగ్గరే ఉంది. బస్సు కూడా ఉంది. "ఇష్టం" అన్నాను, చొక్కా గుండీకి చెప్పినట్టు.

"వెనక బెంచీకి వినపడలేదు."

"ఇష్టం!" అని అరిచినాను. కిటికీ లోపలి నుంచి ఒక ఆడపిల్ల గొంతు, "టీచర్, వెనక బెంచీకి వినపడింది!" అని పలికింది. లోపల నవ్వులు గోడలు దాటినాయి.

"లెక్క చూసి చెయ్యండి!" అని ఆమె కిటికీ వైపు గదమాయించింది. మొహం అటు తిప్పుకునే, నాతో అనింది: "నేను మా నాయనకు ఆ శనివారమే చెప్పేసినాను, సరే అని. మీరు టమాటాల గురించి ఆలోచిస్తా ఉన్నప్పుడు."

తిరుగు బస్సు ఎట్ల ఎక్కినానో, హోసూరులో దిగాల్సినవాణ్ణి ఎన్ని స్టాపులు దాటి దిగినానో చెప్పను. పరువు ఏదో కొంచెం మిగలాలి.

కానీ వ్యవహారం ముగియలేదు. ఒకసారి అడిగిన పువ్వును మళ్ళీ అడగకూడదు. అడిగితే అమ్మవారిని నమ్మనట్టు. పడిన పువ్వు పడిందే. దానికి ఎవరి కుడి చెల్లుతుందో పెద్దలే తేల్చాలి. చెల్లేది వాళ్ళ కుడి అయితే, మా ఇద్దరి ఇష్టాలూ చేమంతి రేకుల మాదిరి వాడిపోవాల్సిందే. ఆదివారం అందరం మళ్ళీ అదే గుడికి పోయినాము. ఈసారి అమ్మాయి కూడా వచ్చింది.

ఆమె నాయన చేతులు నలుపుకుంటా నిలబడినాడు. "మీ మీద కోపం కాదప్పా. మా కుడి తాతలు పెట్టింది. సంబంధం బాగుందని దాన్ని మార్చుకుంటే రేపు ఇంకోదానికి ఇంకోటి మార్చమంటారు. ఎట్ల?"

"మా కుడి ఎవరూ పెట్టింది కాదన్నా" అన్నాడు మా నాయన. "ఆమెతో పాటే పుట్టింది. అదో, చెయ్యి."

ఇద్దరూ పూజారి వైపు తిరిగినారు. ఆయన వత్తులు నలుపుతా తల కూడా ఎత్తలేదు. "నేను పువ్వు పెట్టేవాణ్ణి, లెక్క పెట్టేవాణ్ణి కాదు. ఈ గుడికి రెండు పక్కల జనమూ వస్తారు. పువ్వు పడతాది, పోతారు. ఇన్నేండ్లలో ఎవరి కుడి అని ఒకరూ అడగలేదు."

ఒక్క నిమిషం పెద్దవాళ్ళందరూ ఎవరి పెండ్లిని వాళ్ళు లోపల మళ్ళీ కొలుచుకుంటా ఉన్నట్టు కనబడినారు. అమ్మ నాయన వైపు అదోలా చూసింది. నాయన దీపం వైపు చూసినాడు.

"నాయనా" అనింది అమ్మాయి. "మన రాయికి మొహం లేదు, నిజమే. కానీ ఈమెకుండాది. నువ్వు ఎదురుగా నిలబడినావు కాబట్టి నీ కుడి ఆమెకు ఎడమ అయింది. ఆమె చూసే వైపే నువ్వూ చూస్తే?"

"అమ్మవారికి వీపు చూపించమంటావా?"

"వీపు వద్దు. గడప పక్కన నిలబడి, కొంచెం తిరుగు."

ఆయన గడప పక్కకు పోయి, కుడిచెయ్యి పైకెత్తి, సగం తిరిగినాడు. "ఇప్పుడు?"

"ఇంకొంచెం."

"అట్ల కాదన్నా, ఇట్ల" అని మా నాయన కుడిచెయ్యి ఎత్తి ఆయన పక్కన తిరిగి చూపించినాడు. ఇద్దరూ ఢీ కొట్టుకున్నారు. "మీరిద్దరూ ఉండండి" అని అమ్మ కొంగు దోపుకుని, చెయ్యెత్తి, మూడోమనిషిగా తిరిగింది. చూసి చూసి, ఏండ్ల తరబడి అడగని డౌటు తనకూ వచ్చిందో ఏమో, పూజారి వత్తులు కింద పెట్టి, హారతి తట్ట అందుకుని, పట్టుకున్న చేయి ఏదో మరిచిపోయి, తట్టతో సహా తిరగడం మొదలుపెట్టినాడు. అమ్మవారి ముందర నలుగురు పెద్దవాళ్ళు కుడిచేతులు ఆకాశానికెత్తి, ఒకరి చేతికి ఒకరు తగలకుండా, చుట్టూ తిరగతా ఉన్నారు. దండం పెట్టుకుందామని వచ్చిన ఒకామె వాకిట్లోనే ఆగి, ఇదేదో కొత్త మొక్కుబడి అనుకుని, తనూ చెయ్యెత్తింది.

"ఇప్పుడు ఆమె కుడి, నీ కుడి ఒకే పక్క!" అని అమ్మాయి కేకవేసింది.

"ఆమె పక్కన నిలబడితే ఒకటే" అని ఆయన గొణుక్కున్నాడు. నమ్మలేక మళ్ళీ ఎదురుగా తిరిగినాడు. "ఇట్ల తిరిగితే వేరే." మళ్ళీ పక్కకు తిరిగినాడు. "ఇట్ల ఒకటే." మళ్ళీ ఎదురుకు. "వేరే." పంచె కాళ్ళకు చుట్టుకునింది. ఐదోసారికో ఆరోసారికో తూలి, స్తంభాన్ని కౌగిలించుకుని, మెల్లగా మెట్టు మీద కూలబడినాడు.

నేను పరిగెత్తి నీళ్ళు తెచ్చినాను. అమ్మాయి కొంగుతో విసిరింది. ఆయన చెంబెత్తి గడగడా తాగి, మూతి తుడుచుకుని, కండ్లు తెరిచి చూసినాడు. ఎదురుగా మేమిద్దరం వంగి ఆయన మొహంలోకి చూస్తా ఉన్నాము. మేము ఆయనకు ఇద్దరమే కనబడినామో, నలుగురం కనబడినామో.

"తల తిరగతా ఉండాది" అన్నాడు. "ఇంక నన్ను తిప్పొద్దండప్పా. పిల్లనిస్తాము."